రీసెంట్‌కి నాలుగో అర్థం

పెద్దసారు గది తలుపు తీసుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, నీ ఉద్యోగం ఖాయమైంది. కాగితం టైపవుతోంది" అన్నప్పుడు నా నోటినిండా బిస్కెట్టు ఉంది. మింగడానికి లేదు, మాట్లాడడానికి లేదు. లేచి నిలబడి రెండుసార్లు తలూపాను. కాస్త పొడి కార్డుల పెట్టెలో రాలింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అప్పటికి నా పెళ్లయి నలభై ఒక్క రోజులు. రోజులు లెక్కపెడుతున్నానని మావారు ఏడిపిస్తారు గానీ, లెక్క లేకపోతే ఇన్ని సంతోషాలను ఎక్కడ సర్దుకోను? ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. తలుపు వెనక ఒకే కొక్కేనికి నా సంచీ, ఆయన పనిముట్ల సంచీ. పొద్దున్నే నిద్రమత్తులో ఆయన నా చెప్పులు తొడుక్కుని, మడమలు బయటికి వేలాడుతుండగా పాలపాకెట్టు కోసం వెళ్లడం. ఇప్పుడు వీటన్నిటి పక్కన ఉద్యోగం కూడా. ఆ క్షణంలో నేను నేలమీద లేను.

మా పని ఏమిటో చెప్పాలి. తెలుగువాళ్ల నోళ్లలో స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటలకు మేం నిఘంటువు తయారు చేస్తాం. ఆ మాటకు ఇంగ్లీషులో ఏం అర్థముందో మాకు అక్కర్లేదు. మనవాళ్లు దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో అదే రాస్తాం. మూడో అంతస్తులో ఒక పొడవాటి గది, కిటికీల వెంబడి ఆరు బల్లలు, గోడల నిండా కార్డుల పెట్టెలు. నాకిచ్చిన మాట 'రీసెంట్'. ఆర్నెల్ల నుంచి నేను దాని వెంట పడి తిరుగుతున్నాను.

చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, చాలా గడుసు మాట అది. డాక్టరు "రీసెంట్‌గా జ్వరమేమైనా వచ్చిందా?" అంటే పది పదిహేను రోజులు. ఫోటోలు తీసే ఆయన "రీసెంట్ ఫోటో కావాలి" అంటే ఆరు నెలలు. ఫోన్‌లో "రీసెంట్స్‌లో చూడు" అంటే ఇందాకటి సంగతి. ఈ మూడు అర్థాలు ఎవరికైనా దొరుకుతాయి. నాలుగోది నాకు బస్సులో దొరికింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కిటికీలోంచి ఒక ఇంటిని చూపించి, "మా చెల్లెలిల్లు. రీసెంట్‌గానే పోయిందమ్మా" అంది. అయ్యో అని, ఎప్పుడండీ అని అడిగాను. పద్నాలుగేళ్లయిందని చెప్పింది. అంటే, ఎప్పుడో జరిగినా చెప్పేవాళ్ల మనసుకు నిన్నటిలా ఉన్నది కూడా రీసెంటే. ఆ కార్డు చదివి పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మనం పాతికేళ్ల కిందటి సంగతిని కూడా 'మొన్న' అంటాం కదా, ఆ మొన్నే ఈ మాటలోకి దూరింది అన్నారు.

ఆయన ఇప్పుడు వెళ్లబోతూ ఆగి, ఇంకో మాట చెప్పారు. నీ ఉద్యోగానికి ఆ నాలుగో అర్థమే కారణం, అందులోనూ దానికి నువ్వు తెచ్చిన సైకిల్ కార్డు, అది తనను రెండు రోజులు వెంటాడింది అని. మూడింటికి రీసెంట్ కార్డులు లాగుతామనీ, సిద్ధంగా ఉండమనీ చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

బిస్కెట్టు గొంతులో అడ్డం పడింది.

కార్డులు లాగడం అంటే మా ఆఫీసు పద్ధతి. ఒక్కో అర్థానికి కనీసం రెండు కార్డులుండాలి. ఎవరో నిజంగా అన్న వాక్యం, అన్నవాళ్ల పని, చోటు, తేదీ, ఫోన్ నంబరు రాయాలి. అన్న తర్వాత వాళ్ల అనుమతి అడగాలి. అనకముందు మాత్రం ఏమీ అడగకూడదు. మనం అడిగి చెప్పించుకున్న మాట వాళ్ల మాట కాదు, మన మాటే అంటారు పెద్దసారు. ఒక పదం పూర్తయ్యాక దాని కార్డులన్నీ బోర్లించి ఒకటి లాగుతారు. సాక్షక్క ఆ నంబరుకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టి, మూడు ప్రశ్నలు వేస్తుంది. ఈ మాట మీరన్నారా? ఎవరితో అన్నారు? అనమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని అదే. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెంటనే పలకదు.

నాకు ముందు నా కుర్చీలో కూర్చున్నతన్ని కామా అనేవారట, మాట మధ్యలో ఆగి ఆలోచించే అలవాటున్నందుకు. అతను 'అడ్జస్ట్' మీద ఎనిమిది కార్డులు తెచ్చాడు. ఎనిమిదీ బావమరిది చేత చెప్పించినవే. మూడో ప్రశ్నకు ఆ బావమరిది పాపం, "అవునండీ, పొద్దున్నుంచీ ఇదే పని" అన్నాడట. సాయంత్రానికి కామా కుర్చీ ఖాళీ చేశాడు.

ఇక నా సంగతి. నాలుగో అర్థానికి బస్సు పెద్దావిడ కార్డు ఒక్కటే ఉంది. రెండోది ఎంత తిరిగినా దొరకలేదు. అప్పటికి మాకు పెళ్లి కుదిరింది, పగలూ రాత్రీ ఫోన్లే. ఓసారి మురిపెంగా, ఎప్పటిదో పాత సంగతి ఒకటి 'రీసెంట్' అని కలిపి రాసి పంపరా అని అడిగాను. పది నిమిషాల్లో వచ్చింది. "నాన్న నాకు రీసెంట్‌గానే సైకిల్ నేర్పించాడు. మోచెయ్యి ఇంకా మండుతూనే ఉంది." వాళ్ల నాన్నగారు పోయేనాటికి ఆయనకు పదేళ్లు. ఇప్పుడు ముప్పై ఒకటి. ఆ రెండు వాక్యాలు చదివి నేను ఫోన్‌ని గుండెకు ఆనించుకుని పడుకున్నాను. పొద్దున్నే లేచి కార్డు రాసేశాను. లిఫ్ట్ మెకానిక్, మెసేజీ, ఫలానా తేదీ. తెలియక చేశానని చెప్పుకోడానికి లేదు. కామా కథ నాకు మొదటి రోజే చెప్పారు.

అప్పుడు టైము పదకొండున్నర. ఎనిమిది కార్డుల్లో ఒకటి లాగుతారు. ఎనిమిదింట ఒకటి అంటే తక్కువేనని మనసు అంటుంది.

అయినా మావారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. లిఫ్ట్ గోతిలో పనిచేసేటప్పుడు ఫోన్లు బయట సంచీలో పెట్టాలని వాళ్ల రూలు. అది తెలిసి కూడా వరసగా నాలుగుసార్లు చేశాను. చివరికి ఆయన గురువుగారికి చేశాను. మావారికి పని నేర్పించిన పెద్దమనిషి ఆయన, అందరూ గురువుగారనే అంటారు.

"మీవాడు తొమ్మిదో అంతస్తులో లిఫ్టు నెత్తిన కూర్చున్నాడమ్మా," అన్నాడు గురువుగారు తాపీగా. "దించాలంటే గంటన్నర. ఇల్లు అంటుకుందా ఏమిటి?"

అంటుకోలేదండీ అన్నాను. అయితే కబురు చెబుతాలే అని పెట్టేశాడు.

ఆ రెండున్నర గంటలూ నేనేం పని చేశానో నాకే తెలియదు. సాక్షక్క టీ తెచ్చిచ్చి, ఉద్యోగం ఖాయమైన మొహమేనా ఇది, పెళ్లికూతురివై ఉండీ ఇలా వాడిపోయావేమిటి, మీ అత్తగారితో ఏమైనా అయిందా అని అడిగింది. అత్తగారితో ఏమవుతుంది, ఆవిడ రోజూ నా టిఫిన్ డబ్బా మూత కింద ద్రాక్షపళ్లు దాచిపెడుతుంది. అదే చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. సాక్షక్క నన్ను ఎగాదిగా చూసి, ద్రాక్షపళ్లకు ఎవరైనా ఏడుస్తారా అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

రెండూ పదికి ఫోన్ మోగింది. మెట్ల దగ్గరికి పరిగెత్తాను. ఆయనకి ఆయాసంగా ఉంది. తొమ్మిది అంతస్తులూ దిగి వచ్చారు, ఆ లిఫ్టే కదా బాగుచేస్తోంది. అమ్మకేమైనా అయిందా అని మొదటి మాట. ఏం కాలేదని, గుసగుసగా మొత్తం చెప్పాను. ఉద్యోగం సంగతి ముందు చెప్పాలని కూడా తోచలేదు. చివర్లో చెప్పాను. ఎవరైనా ఫోన్ చేసి మూడో ప్రశ్న అడిగితే, నన్నెవరూ అడగలేదు అని చెప్పమన్నాను.

అటునుంచి ఎక్కడో ఇనుము మీద ఇనుము మోగుతోంది.

"చెప్తాలే," అన్నారు. "నీ ఉద్యోగం కంటే నాకేం ఎక్కువ?"

"మరి ఎందుకలా ఉన్నావ్?" ఇంట్లో నువ్వు, నలుగురిలో మీరు, అది మా ఒప్పందం. మెట్ల మీద ఎవరూ లేరు.

"ఏం లేదు. నువ్వు అడిగినా, అడక్కపోయినా ఆ సైకిల్ సంగతి నిజమే కదా. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్పాను. ఇప్పుడు దాని చుట్టూ ఒక అబద్ధం కట్టాలి. అంతే. చెప్తాలే, పెట్టెయ్."

పెట్టేశాను. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్దసారు దగ్గరికి ఇప్పుడే వెళ్లి చెప్పేస్తే? వెళ్తే ఉద్యోగం పోతుంది, అది ఖాయం. ఊరుకుంటే ఎనిమిదింట ఒకటి, అదీ ఆయన నోరు తిరిగి అబద్ధం చెప్పగలిగితే అసలేమీ కాదు. కాళ్లు పెద్దసారు గదివైపు రెండడుగులు వేశాయి. టైపు మిషన్ మీద నా కాగితం కనపడింది. నా పేరు పక్కన 'సహాయ సంపాదకురాలు' అని అప్పుడే కొట్టారు. కాళ్లు వెనక్కి తిరిగి నా కుర్చీలోకి వచ్చేశాయి.

మూడింటికి అందరం పెద్ద బల్ల చుట్టూ చేరాం. సాక్షక్క ఎనిమిది కార్డుల్నీ ముక్కలాటలో కలిపినట్టు కలిపి బోర్లించింది. కార్డుల వెనక వైపు అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్కదాని మూల మాత్రం కాస్త మడతపడి ఉంది. అది నాకు తెలుసు, ఆ కార్డుని పెట్టెలో పెట్టేముందు రెండు రోజులు నా పుస్తకంలో దాచుకుని తిరిగాను. పెద్దసారు వేళ్లు ఒక చివరి నుంచి మెల్లిగా కదిలాయి. మడత దాటి వెళ్లాయి. ఊపిరి వదిలాను. వేళ్లు వెనక్కి వచ్చాయి.

"సైకిల్," అన్నారు తిప్పి చూసి, మొహం విప్పార్చుకుని. "మంచిదే వచ్చింది. మీవారేగా అమ్మాయ్, మా ముందు కాస్త సిగ్గుపడతారేమో."

సాక్షక్క నంబరు నొక్కి ఫోన్‌ని బల్ల మధ్యలో పెట్టింది. ఒక్క రింగుకే ఎత్తేశారు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నారన్నమాట. సాక్షక్క తానెవరో చెప్పి, కార్డు చదివి, మొదటి ప్రశ్న వేసింది.

"అవునండీ, నేనే అన్నాను."

"ఎవరితో అన్నారు?"

"మా ఆవిడతోనండీ. అప్పటికింకా మా ఆవిడ కాదు."

బల్ల చుట్టూ నవ్వులు. పెద్దసారు కూడా నవ్వారు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"అనమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. ఈ మనిషికి అబద్ధం రాదు. మొదటిసారి నేను వండిన కూర ఎలా ఉందని అడిగితే, "తినొచ్చు" అన్న మనిషి. ఇప్పుడు నా కోసం ఆ మాటను లోపలినుంచి లాక్కుంటున్నారు. అది బయటికి వస్తే ఇక సైకిల్ గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు వాళ్ల నాన్నతోపాటు ఇది కూడా గుర్తొస్తుంది.

"నన్నెవ..." అని మొదలుపెట్టారు.

"నేనే అడిగాను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సాక్షక్క కళ్లజోడు మీదుగా నన్ను చూసింది. "పాత సంగతి ఒకటి రీసెంట్ అని కలిపి రాయమని నేనే అడిగానండీ. పద్ధతి తెలిసే చేశాను. ఇందాక ఫోన్ చేసి, అడగలేదని చెప్పమన్నది కూడా నేనే."

బల్ల మధ్యలో ఫోన్ పెద్దగా నిట్టూర్చింది. "హమ్మయ్య, చెప్పేశారా. ఇక్కడ నాకు చెమటలు కారిపోతున్నాయి." ఆయన కంగారులో నన్ను మీరు అనేశారు. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది, పెదవి కొరుక్కున్నాను. సాక్షక్క, ఇక ఉంటామండీ అని ఫోన్ కట్టేసింది.

పెద్దసారు చాలాసేపు ఆ కార్డుని చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. అరుస్తారేమో అనుకున్నాను, అరవలేదు. ఎర్ర పెన్నుతో కార్డుకి అడ్డంగా గీత కొట్టారు. ఆ గీత కాగితం మీద చేసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతోంది. తర్వాత టైపు మిషన్ లోంచి నా కాగితం లాగి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"దీన్ని చింపను. సంతకమూ పెట్టను," అన్నారు. "రేపు ఐదింటికి పేజీలు ప్రెస్సుకి వెళ్తాయి. ఆలోపు నాలుగో అర్థానికి రెండో కార్డు తే. దొరక్కపోతే ఆ అర్థం పుస్తకంలో ఉండదు. దొరక్కపోతే దొరకలేదని వచ్చి చెప్పు. నేను చూడబోయేది అదే."

ఆయన వెళ్లాక సాక్షక్క నా పక్కన కూర్చుని నా టిఫిన్ డబ్బాలోంచి రెండు ద్రాక్షపళ్లు తీసుకుంది. కామా అయితే బావమరిది మీదకు తోసేశాడని చెప్పింది. అది మెచ్చుకోలో కాదో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మావారు ముందే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను క్షమించమని అడగబోతుంటే, ముందు మొహం కడుక్కో, కాటుక గడ్డం దాకా వచ్చింది అన్నారు. వంటింట్లో మా అత్తగారు బెండకాయలు తరుగుతున్నారు. దాచడం ఇక నా వల్ల కాదనిపించి, ఆవిడ ఎదురుగా పీట వేసుకుని మొత్తం చెప్పేశాను. ఉద్యోగం రావడం, ఆగిపోవడం, ఎర్ర గీత, అన్నీ. సైకిల్ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కత్తి పక్కన పెట్టారు.

"వాడు అలా అన్నాడా?" అని అడిగారు.

ఫోన్‌లో ఉన్న మెసేజీ తీసి చూపించాను. ఆవిడ దాన్ని కళ్లకు దూరంగా పెట్టి, పెదవులు కదుపుతూ చదివారు. మోచేతికి మీ మామగారే పసుపు రాశారు, వీడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు, మొన్ననే కదా అన్నారు. ఆ 'మొన్ననే' వినగానే నా చెయ్యి తెలియకుండానే సంచీలో కార్డు కోసం వెళ్లింది. మావారు వెనకనుంచి చూసి, అమ్మది చెల్లదు, పైగా అది ఇంగ్లీషు మాట కూడా కాదు అన్నారు. ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగగానే మళ్లీ రేపు సాయంత్రం ఐదు గుర్తొచ్చింది.

ఒక్క రోజులో ఎక్కడని వెతకను? ఆర్నెల్లు బస్సుల్లో, క్యూల్లో, మంగలి షాపుల బయట నిలబడితే ఒక్కసారే దొరికింది. మనుషులు పాత సంగతులు మాట్లాడుకునే చోటు కావాలి. ఊరికే కూర్చుని ఉండాలి, చేతిలో ఫోన్ ఉండకూడదు. అలాంటి చోటు ఈ రోజుల్లో ఎక్కడుంది అని విసుక్కున్నాను.

అత్తగారు మళ్లీ కత్తి తీసుకుని, బెండకాయ తొడిమ తీస్తూ, పోయిన నెల కంటి ఆసుపత్రికి వెళ్లినప్పటి సంగతి ఎత్తుకున్నారు. పరీక్షకు ముందు కంట్లో చుక్కలు వేసి, గంటసేపు వరండాలో బల్లల మీద కూర్చోబెట్టారట. అన్నీ మసకే. పేపరు చదవలేరు, ఫోన్ చూడలేరు, పక్కవాళ్ల మొహం కూడా సరిగ్గా కనపడదు. ఇరవై మంది ముసలివాళ్లు ఒకరి జీవితం ఒకరికి చెప్పుకోవడం తప్ప ఇంకేం చేస్తారు? తన పక్కనావిడ గంటలో మూడు పెళ్లిళ్లు, ఒక ఆస్తి తగాదా పూర్తి చేసిందని చెప్పి నవ్వారు.

నేను మావారివైపు చూశాను. ఆయన అప్పటికే గురువుగారికి ఫోన్ చేసి, రేపు పొద్దున తన బదులు ఇంకెవరినైనా పంపమని అడుగుతున్నారు. అటునుంచి గురువుగారి తిట్లు మాకు కూడా వినపడ్డాయి. ఫోన్ పెట్టేసి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏడున్నరకు చుక్కలు వెయ్యడం మొదలుపెడతారట. ఏడింటికే వెళ్దాం," అన్నారు. "నువ్వు ఒక చివర కూర్చో, నేను ఇంకో చివర కూర్చుంటాను. ఎవరినీ ఏమీ అడగొద్దు. ఎవరైనా ఆ మాట అంటే, అన్నాక లేచి వెళ్లి అన్నీ చెప్పి నంబరు అడుగుదాం. సాయంత్రం నాలుగున్నర దాకా ఒక్కరూ అనకపోతే, ఖాళీ చేతులతో మీ ఆఫీసుకి వెళ్లి అదే చెప్దువుగాని. నేనూ వస్తాను, మెట్ల దగ్గర ఉంటాను."

అత్తగారు తానూ వస్తానన్నారు. ఆవిడ నోరు కట్టేసుకుని కూర్చుంటే తప్ప వీల్లేదని మావారు ఖచ్చితంగా చెప్పారు. ఆవిడ ఒక క్షణం ఆలోచించి, సరే, రేపు పొద్దున ఆరింటికి లేపమన్నారు.